జీడి మిషను మీద తలుపులు కోసిన సువార్తప్ప

దగ్గరగా వచ్చి కూర్చోండి. గుమ్మంలో నిలబడి, ఒక చెవి ఇక్కడా ఒక చెవి వీధిలోనూ పెట్టుకుని వినే సంగతి కాదిది. పొయ్యి మీద ఏముందో దించేసి రండి. పిల్లల్ని కూడా పిలవండి, నవ్వే చోట్లు చాలా ఉన్నాయి. ఏడ్చే మాట ముందే చెప్పేస్తాను, తర్వాత దారికి అడ్డం రాకుండా.

మా సువార్తప్ప ఇక లేదు.

మొన్న శుక్రవారం పొద్దున్నే పలాసలో జీడి ఫ్యాక్టరీ గేటు ముందు క్యారేజీ పట్టుకుని నిలబడి ఉన్నాను. అప్ప తమ్ముడి కూతురు ఫోను చేసి, "పిన్నీ, అత్త ఎల్లిపోనాది" అంది. "ఎక్కడికెల్లిపోనాదే, ఇంకా ఏడైనా కాలేదు" అన్నాను. నిజంగా అలాగే అన్నాను. బుధవారం సాయంత్రమే కదా, మంచం దిగలేని మనిషి నన్ను వీధి చివరికి వినబడేలా తిట్టింది! "ఒలే సిట్టీ, గులాబీ రంగు సార్టు కాయితం తెమ్మంటే నారింజ రంగు తెచ్చినావేటే! పెల్లికూతురికి నారింజ పువ్వు ఎట్టి పంపమంతావేటి? మీ ఆయన ఎలగ ఏగుతున్నాడే నీతో!" రంగు కోసం అంత గట్టిగా కొట్లాడిన మనిషి రెండు రోజుల్లో పోతుందని ఎవరనుకుంటారు? గేటు తీశారు, అందరూ లోపలికి వెళ్లిపోయారు, నేను అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను.

మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమె నాకు తోడబుట్టినది కాదు. ఇరవై రెండేళ్లు ఫ్యాక్టరీలో నా పక్క మిషను ఆమెది. తోడబుట్టిన వాళ్ల పక్కన అన్ని గంటలు ఎవరు కూర్చుంటారు చెప్పండి? చర్చి వీధిలో చిన్న రేకుల ఇల్లు, తమ్ముడి కూతురు తోడు, గోడ నిండా కార్డులు, అదీ ఆమె సంసారం. కాశీబుగ్గ నుంచి టెక్కలి దాకా, ఇటు ఇచ్ఛాపురం సముద్రపు ఒడ్డు దాకా, క్రిస్మస్సుకో పెళ్లికో పుట్టినరోజుకో ఆమె చేతి గ్రీటింగు కార్డు అందుకున్న ఇళ్లు ఎన్నో. ఆ కార్డు వెనకాల ఉన్న చెయ్యి ఎవరిదో మాత్రం చాలామందికి తెలియదు. తెలియాలి. అందుకే చెబుతున్నాను.

ఫ్యాక్టరీలోకి కరెంటు మిషన్లు వచ్చిన ఏడాది, కాలితో తొక్కే పాత కటింగు మిషన్లను పెరట్లో పారేశారు. ఆ మిషనులో రెండు కత్తుల మధ్య జీడిపిక్క పెట్టి పెడలు తొక్కితే పెంకు చీలుతుంది, లోపలి పప్పు విరగకుండా బయటికి వస్తుంది. ఎంత బలంగా తొక్కాలో కాలికి తెలియాలి. అప్ప కాలికి తెలిసినంత ఇంకెవరి కాలికీ తెలియదు. ఆమె తన పాత మిషనుని అడిగి తెచ్చుకుంది. రిక్షా మీద దాన్ని నిలబెట్టి, పడిపోకుండా నడుం పట్టుకుని నడిపిస్తుంటే వీధంతా వేళాకోళం.

"ఏటే సువార్తా, ఊరేగింపేటి? పెల్లికొడుకు మరీ నల్లగున్నాడు!"

"నల్లగున్నా మాట ఇంతాడు. మీ ఇల్లల్లో ఉన్నోల్లు ఇంతన్నారేటి?"

అనేసి, మిషను నడుం ఇంకా గట్టిగా పట్టుకుని సాగిపోయింది అప్ప.

టెక్కలిలో వెల్డింగు అతని దగ్గర కత్తులు తీయించి, వాటి చోట చదునైన ఇనప పలక పెట్టించింది. పెట్టెలకి చుట్టి వచ్చే ఇనప పట్టీని పట్టకారుతో వంచి, ఒక అంచు పదును పెట్టి, చెక్కముక్కకి బిగించింది. పువ్వు ఆకారం ఒకటి, పడవ ఒకటి, కొబ్బరి మట్ట ఒకటి. వాటికి రేకు అచ్చులని పేరు పెట్టింది. చార్టు కాగితం మీద అచ్చు పెట్టి, పలక కింద పెట్టి పెడలు తొక్కాలి. మొదటిసారి తొక్కితే కాగితం నలిగింది. రెండోసారి చిరిగింది. మూడోసారి "టప్" అని చప్పుడైంది, ఎర్రటి పువ్వొకటి రాలి నేల మీద పడింది. అంచు ఎంత నున్నగా ఉందో! అప్ప లేచి చీర బొడ్లో దోపుకుని గది నడిమధ్యన గెంతింది. "పడిందే సిట్టీ! పువ్వు పడిందే! పిక్కలు తప్ప ఏటీ తెలీని ముండ మిషను పువ్వు కోసిందే!" ఆ పూట ఇద్దరం అన్నం మర్చిపోయి, ఇంట్లో ఉన్న కాగితమల్లా పువ్వులుగా కోసేశాం. ఆఖరికి రేషను కాగితం కూడా కోయబోతే నేనే లాక్కున్నాను.

ఇక రబ్బరు అచ్చులు. ఇంకులో అద్ది కాగితం మీద గుద్దేవి. సముద్రం ఒడ్డుకి తోసేసిన హవాయి చెప్పులు ఏరుకొచ్చి, వాటి అడుగు రబ్బరు మీద బ్లేడుతో బొమ్మ చెక్కేది. అది కూడా ఒంటి చెప్పు అయితేనే. "జతున్న సెప్పు నడుత్తాది, దాని బతుకు దానికున్నాది. ఒంటిదానికి మనం పని సూపించాల" అనేది. కోడి, దాని పిల్లలు, కుండ, వల, పాలపన్ను, దూడ, ఉయ్యాల. అన్నీ చెప్పుల మీద పుట్టినవే.

ఈ బొమ్మలన్నీ ఎందుకంటే, అప్ప దగ్గరకి ఎక్కువగా వచ్చేది రాయడం రాని ఆడవాళ్లు. మా ఉద్దానం వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ల మగవాళ్లు గుజరాతు వైపు బోట్ల మీద చేపల వేటకి వెళ్లి నెలల తరబడి ఉండిపోతారు. సముద్రంలో ఫోను పలకదు. ఒడ్డుకి వచ్చినప్పుడు పలికినా నాలుగు మాటలకే తెగిపోతుంది. కార్డైతే బోటు గదిలో మేకుకి తగిలించుకుంటారు. బిడ్డకి పన్ను వచ్చిందనుకోండి, పన్ను గుద్ది పంపేది. కోడి పొదిగితే కోడి. రాత లేని ఆడదాని మాటని బొమ్మ మోయగలదా, మోయలేదా అన్నదే అప్పకి ప్రాణం. మోయగలదని ఆమె పంతం.

ఆమెకి ఒక పద్ధతి ఉండేది. అది ఒడ్డు ఊరైన డొంకూరు నుంచి పోలమ్మ వచ్చిన రోజు నేను నా కళ్లతో చూశాను.

పోలమ్మ మొగుడు ఎర్రయ్య. ఒక రోజు అలల్లో అతని పడవ తిరగబడి వల పోయింది. ఒడ్డున పదిమందిలో పోలమ్మ నోరు జారింది, "తెడ్డు నీ సేతికి ఎవడిచ్చినాడు?" అని. ఎర్రయ్య ఆ వారమే చెప్పకుండా గుజరాతు వెళ్లిపోయాడు. ఏడు నెలలు. తల్లితో మాట్లాడతాడు, పెళ్లాం ఫోను ఎత్తడు. పోలమ్మ ముఖం పీక్కుపోయి ఉంది.

"ఆడికి ఏటి సెప్పాలే?" అంది అప్ప.

"రమ్మని సెప్పప్పా. తప్పైపోనాదని సెప్పు."

"రమ్మనడానికి నా కాడ బొమ్మ లేదు. తప్పుకీ లేదు. మీ ఇంట్లో ఏటున్నాదో అది సెప్పు."

"ఏటుంతాది? పొయ్యుంది, సాపుంది, కోడుంది."

"కంచాలెన్ని?"

"రెండు."

"నువ్వొక్కర్తివే కదా. రెండోది ఏటి సేత్తన్నావు?"

పోలమ్మ తల దించుకుంది. "దినం తోముతన్నాను. తోమి, నా కంచం పక్కన బోర్లిత్తన్నాను."

అప్ప నా వైపు తిరిగి కన్ను గీటింది. "సూసినావా? మనసులోది గుద్దకూడదే, ఇంట్లోది గుద్దాల. మనసుని ఆడే ఎతుక్కుంతాడు."

ఆ రోజే ఇంటి ఆకారానికి కొత్త రేకు అచ్చు వంచింది. మూడు వైపులే తెగి, నాలుగో వైపు మడతపడే చిన్న తలుపు కూడా కోసింది. మిషను మీద ఆమె కోసిన మొదటి తలుపు అదే! కార్డు మీద ఇల్లు. వేలితో తలుపు తీస్తే లోపల పొయ్యి, చాప, ఒక కంచం, దాని పక్కన బోర్లించిన ఇంకో కంచం. అక్షరం ముక్క లేదు. పోలమ్మ తలుపు తీస్తుంది, మూస్తుంది, తీస్తుంది.

ఇక్కడే మా అప్ప ఒక పొరపాటు చేసింది. జీడి పనివాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు.

దుకాణంలో దొరికే ప్యాడు ఇంకు సముద్రపు చెమ్మకి కారిపోతోందని, కార్డులు మరకలుగా మిగులుతున్నాయని బోట్ల నుంచి కబుర్లు వస్తున్నాయి. నీటికి చెదరని ఇంకు కావాలి. మా చేతులకేసి చూసుకుంది. జీడిపెంకు నూనె అంటి నల్లబడ్డ చేతులు. ఏ సబ్బుకి పోయింది ఆ నలుపు? ఇంకేముంది, పెంకు నూనె కాచి, దీపం మసి కలిపి, నల్లగా నిగనిగలాడే ఇంకు తీసింది. కార్డుని బకెట్లో ముంచి తీసినా చెక్కుచెదరలేదు! ఇద్దరం చప్పట్లు కొట్టాం. ఆ నూనె ఒంటికి తగిలితే పొక్కుతుందని మాకు తెలియదా? తెలుసు. కానీ మేం పొద్దున్నే చేతులకి ఆముదం రాసుకునే వాళ్లం, మా తోలు మొద్దుబారిపోయింది. "ఎండిపోతే ఇంకేటవుద్దే?" అంది అప్ప. నేనూ "ఏటవుద్ది?" అన్నాను. పోలమ్మ కార్డుని ఆ ఇంకుతో మళ్లీ గుద్ది పోస్టులో వేశాం. అదే ఇంకుతో గుద్దిన ఇంకొకటి పాస్టరమ్మగారి పుట్టినరోజుకి ఇచ్చాం.

మూడో నాడు పాస్టరమ్మగారు వచ్చారు. కార్డు అందంగా ఉందని చెంపకి ఆనించుకున్నారట. ఆ చెంప చూడాలి! అప్పుడే దించిన పూరీలా ఉంది.

అప్ప చేతిలో అచ్చు కింద పడేసింది. "సిట్టీ! పోలి కార్డు!"

చెప్పులు వేసుకోవడం కూడా లేదు, ఆటో ఎక్కి పోస్టాఫీసుకి పరుగు. కౌంటరు దగ్గర ఇద్దరం ఒకేసారి అరుస్తున్నాం. "ఏ కార్డమ్మా?" అంటాడాయన. "తలుపున్న కార్డు బాబూ!" అంటుంది అప్ప. సంచి ఏనాడో రైలెక్కి వెళ్లిపోయిందని చెప్పి, మా ఇద్దరినీ జాలిగా చూశాడు.

పోలమ్మ ఫోను ఎర్రయ్య ఎత్తడు. పోనీ అతని తల్లికి చెబుదామని నేనే చేశాను. "అమ్మా, మీ అబ్బాయికో కార్డు వత్తాది, దాన్ని ముట్టుకోవద్దని సెప్పండి" అన్నాను. ఆ మాట ఎంత పని చేసిందంటే, అవతల ముసలావిడ గొల్లుమంది. "ముట్టుకోకూడని కాగితం నా కొడుక్కి పంపినారా? ఓలమ్మో, కోడలు మందెట్టీసినాదిరో!"

మొగుణ్ణి వశం చేసుకోవడానికి పెళ్లాం మందు పెట్టిందనే మాట ఒకసారి పుట్టిందంటే ఊళ్లో ఇంక అది చావదు. బోటు సముద్రంలో ఉన్నన్నాళ్లూ ముసలావిడ ఎలాగో ఓర్చుకుంది. ఆ బోటు రేవుకి వచ్చేసిందని, అందులో ఉన్న డొంకూరు వాళ్లంతా ఇళ్లకి ఫోన్లు చేశారని తెలిసింది. ఎర్రయ్య మాత్రం చేయలేదు. తల్లి చేసినా ఎత్తలేదు. ఒక రోజైంది, రెండో రోజూ అయింది. కొడుక్కి ఏదో అయిపోయిందని ఆవిడ కులపెద్దల్ని పిలిచింది. పోలమ్మని ఆ సాయంత్రమే పుట్టింటికి పంపేయాలని మాట. పోలమ్మ ఏడుస్తూ మాకు చెప్పింది.

అప్ప ఇంకు సీసా చీర కొంగున కట్టింది. "పదవే" అంది.

డొంకూరు చేరేసరికి ఒడ్డున, పడవల నీడన ఊరంతా కూర్చుని ఉంది. మధ్యలో పోలమ్మ, పక్కన బట్టల మూట. అప్ప ఎవరికీ నమస్కారం కూడా పెట్టకుండా నేరుగా నడిమధ్యకి వెళ్లింది.

"మందు ఈ పిల్ల ఎట్టనేదు. నానెట్టినాను. ఇదిగో ఆ మందు. జీడిపిక్కల నూనె. మీ తోటల్లో కాసిందే."

"నువ్వలగే అంతావు. నిజమేటో ఎవుడికి తెలుసు?" అంది ఎర్రయ్య తల్లి.

"ఇప్పుడే తెలుత్తాది, సూడు."

నేను పట్టుకునే లోపల, ఆముదం ఎరగని మోచేతి లోపలి మెత్తటి చోట ఆ ఇంకు పట్టించేసింది. పెద్దలు లేచి నిలబడ్డారు. ఎండలో చూస్తుండగానే దాని చుట్టూ ఎర్రబడటం మొదలైంది. అప్ప పళ్లు బిగించి, "మందైతే నాను ఎవుడి ఎనకాలైనా ఎల్లిపోవాల కదా? ఎవుడి ఎనకాల ఎల్లమంతారో సెప్పండి, ఎల్తాను!" అంది. ఎవరో పుసుక్కున నవ్వారు. కులపెద్ద మీసం కింద నవ్వాపుకోవడం నేను చూశాను.

సరిగ్గా అప్పుడు పోలమ్మ ఫోను మోగింది! ఒట్టు, అప్పుడే మోగింది. తెర మీద ఎర్రయ్య. ఫోను పోలమ్మ చేతిలోంచి జారి ఇసకలో పడింది. నేనే తీసి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టాను.

"ఏటే పోలీ! కాగితంలో ఏటెట్టి పంపినావే? సెయ్యి బూరిలాగ పొంగిపోనాది!"

ఏడు నెలల తర్వాత విన్న గొంతు. పోలమ్మ ఏం అడిగిందో తెలుసా?

"ఏ సెయ్యి?"

"కుడి సెయ్యే."

"మరి అన్నం ఎలగ తింతన్నావు?"

చిన్నగా, "సెంచాతో" అన్నాడు.

"నీకు సెంచాతో తినడం రాదు కదా."

"రాదు. మీద పోసుకుంతన్నాను."

ఇంక చూసుకోండి! ఒడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. ఎర్రయ్య తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది. "ఎవలే ఆ నవ్వేది?" అని అతను అరుస్తుంటే, "ఊరంతా రా బావా!" అని ఎవడో కేకేశాడు. బట్టల మూట ఎవరు లోపలికి తీసుకెళ్లారో కూడా తెలియలేదు. వేట ఆపే రోజులు రాగానే ఎర్రయ్య ఇంటికి వచ్చేశాడు. ఇప్పుడు వాళ్లకో ఆడపిల్ల.

ఇంకు సీసాని అప్ప గొయ్యి తీసి పాతిపెట్టింది. ఆ తర్వాత అవిసె నూనెలో మసి కలిపి, ఒక్కో ఇంకుని పది రోజులు తన మోచేతికి రాసి చూసుకుని గానీ కాగితానికి అద్దలేదు. తలుపు కార్డు కావాలని ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవారు. ఎంత మెచ్చుకున్నా ఒక మాట మాత్రం వదల్లేదు. "నా బొమ్మ కాదే సిట్టీ, నా తప్పు కలిపింది ఆల్లని. పొక్కకపోతే ఆడు పలికేవోడు కాదు." నవ్వుతూనే అనేది. కానీ ఆ మాట అన్నప్పుడల్లా చేతిలో ఉన్న అచ్చుని ఒకసారి తిప్పి చూసుకునేది.

తర్వాత కిడ్నీలు పోయాయి. మా ఉద్దానంలో ఇంటింటా ఉన్న జబ్బే, విడమర్చి చెప్పనక్కర్లేదు. డయాలసిస్ మంచం మీద ఒక చెయ్యి మిషనుకి ఇచ్చేసి, రెండో చేత్తో చెప్పు రబ్బరు చెక్కేది. "ఇది కూడా పెడలెట్టి తొక్కేదైతే నానే తొక్కుకుందును" అని నర్సమ్మని నవ్వించేది.

శనివారం ఆమెని పెట్టెలో పడుకోబెట్టారు. జనం చర్చి దాటి వీధిలో నిలబడ్డారు. డొంకూరు నుంచి పోలమ్మ, ఎర్రయ్య, పిల్లా వచ్చారు. ఎర్రయ్య నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

"పెద్దమ్మకి ఓ మాట సెప్పాలని ఎన్నిసార్లో అనుకున్నాను. సిగ్గేసి సెప్పనేదు."

"ఏటి బాబూ?"

"ఆ కార్డు నా సేతికొచ్చిన రోజే తలుపు తీసి సూసినాను. అప్పుడే అయిపోనాది నా కోపం. రెండ్రోజులు ఫోను పట్టుకుని రేవంతా తిరిగినాను. ఏటని మాట్టాడతాను? అందుకే అమ్మ ఫోను కూడా ఎత్తనేదు. అంతలో సెయ్యి పొక్కింది. అమ్మయ్య, తిట్టడానికి ఓ ఒంక దొరికిందనుకున్నాను."

పెట్టె మూత ఇంకా బిగించలేదు, మేకులు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. నేను జనాన్ని తోసుకుని పరుగెత్తాను. పాస్టరుగారు ప్రార్థన మధ్యలో ఆగిపోయారు. పెట్టె మీదకి వంగి, చెవి దగ్గరే అనుకున్నాను గానీ నా గొంతు వీధంతా వినబడిందట.

"అప్పా! నీ బొమ్మేనే! ఆడు తలుపు తీసిన కాడే అయిపోనాదంట! నీ తప్పు కాదే, నీ బొమ్మే!"

మూత వేశారు.

అలాంటి హస్తకౌశలం, అలాంటి నిండు గుండె మా పలాసలో మళ్లీ పుట్టవు. నిన్న ఆమె మిషను దగ్గర కూర్చుని తొక్కి చూశాను. కాగితం నలిగింది. ఆ కాలు ఆమెతోనే వెళ్లిపోయింది. ఎవరి మాటనో మోసుకెళ్లి వాళ్ల వాళ్ల గుమ్మంలో దించి, తన పేరు కూడా చెప్పకుండా తిరిగొచ్చిన ఆ తల్లికి నా రెండు చేతుల నమస్కారం.

ఇంతసేపు కూర్చుని విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో అలిగిన వాళ్లుంటే రేపటికల్లా పలకాలి. దూరాన ఉన్న వాళ్లు క్షేమంగా తిరిగి రావాలి. మీ ఇంట్లో ఎన్ని కంచాలున్నాయో అన్నీ ఒకేసారి అన్నంతో నిండాలి.